మూడు పట్టీలు, కదిలే బీటు

పోలీసు ఉద్యోగంలో అన్నిటికన్నా ఎత్తయిన మెట్టు కిందనే ఉంటుందని నా నమ్మకం. ఇన్‌స్పెక్టర్ డీఎస్పీ అయితే జీతం మారుతుంది, జీపు మారుతుంది, కుర్చీ మారుతుంది. చుట్టూ ఉన్నవాళ్లతో వరస మాత్రం పెద్దగా మారదు. అంతకుముందూ ఆయన ‘సారే’, ఆ తరవాతా ‘సారే’. మొదటి ప్రమోషన్ అలా కాదు. నిన్నటిదాకా పక్కన కూర్చుని టీ తాగుతూ పైవాళ్లను తిట్టుకున్న మనిషి, ఇవాళ ఆ పక్కవాడు రాసిన రిపోర్టు చదివి, బాగోలేకపోతే వెనక్కి పంపాలి. టీ అదే. తిట్లు మాత్రం తను లేచి వెళ్లాక మొదలవుతాయి. అమెరికా పోలీసుల్లో ఆ మెట్టు మీద నిలబడ్డ మనిషి సార్జెంట్. మన హెడ్ కానిస్టేబుల్ చేతికుండే మూడు పట్టీలే అక్కడ సార్జెంట్ చేతికీ ఉంటాయి.

ఈ సంగతులు నాకు పట్టడానికి కారణం మా స్నేహితుడి కొడుకు. ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగాడు. తండ్రి నాలాగే చిప్పుల కంపెనీల్లో జుట్టు రాలగొట్టుకున్నవాడు, కొడుకూ ఆ దారినే వస్తాడనుకున్నాడు. వాడు డిగ్రీ కాగానే పోలీసు అకాడమీకి వెళ్లాడు, అక్కణ్నుంచి రైలు పోలీసుల్లో చేరాడు. ఏ శాఖో చెప్పను. తండ్రి చాలాకాలం తెలుగువాళ్ల మధ్య “గవర్నమెంట్‌లో చేస్తున్నాడు” అని సరిపెట్టేవాడు. ఏ డిపార్ట్‌మెంటని ఎవరైనా తరచి అడిగితే “ట్రాన్స్‌పోర్టేషన్” అనేవాడు. అబద్ధమేమీ కాదు.

వాడు సార్జెంట్ పరీక్షకు కూర్చున్నాడు. ఇక్కడ అదొక పెద్ద తతంగం. రాతపరీక్ష ఉంటుంది. ‘ఇన్-బాస్కెట్’ అని ఇంకొకటి ఉంటుంది. బల్ల మీద కాగితాల కట్ట పెడతారు. అందులో ఒకరి సెలవు చీటీ, ఒక ప్రయాణికురాలి ఫిర్యాదు, చెడిపోయిన రేడియో సంగతి, రేపు కోర్టుకు వెళ్లాల్సినవాడి సమన్లు, ఇలా అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ఏది ముందో, ఏది ఎవరికి అప్పజెప్పాలో గడియారం చూసుకుంటూ తేల్చాలి. ఆ తరవాత ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, “ఇతను నీ కింద పనిచేస్తాడు, కొన్నాళ్లుగా డ్యూటీకి ఆలస్యంగా వస్తున్నాడు, మాట్లాడు” అంటారు. చివర్న ముగ్గురు నలుగురు కూర్చునే ఓరల్ బోర్డు. శాఖను బట్టి వీటిలో కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. ఓరల్ బోర్డు సాధనకు నన్ను బోర్డుగా కూర్చోమన్నాడు. సొంత తండ్రిని కూర్చోబెడితే ప్రశ్న చదవకముందే సలహా మొదలుపెడతాడట.

ప్రశ్నల కార్డుల కట్ట ఒకటి ఉండేది వాడి దగ్గర, మూలలు నలిగి, పైదాని మీద కాఫీ మరకతో. అది ఈ పరీక్షకు చదివేవాళ్ల చేతులు మారుతూ వచ్చిన కట్ట. రాత ఒకరిది కాదు. నేను ఒక్కొక్కటీ తీసి గంభీరంగా చదవాలి, వాడు కుర్చీలో నిటారుగా కూర్చుని జవాబు చెప్పాలి.

“నీతోపాటు అకాడమీలో చదివినవాడు, నీ పెళ్లికి వచ్చినవాడు, రాత్రి షిఫ్టుకు వచ్చాడు. నోరు మందు వాసనేస్తోంది. ఏం చేస్తావు?”

మన పద్ధతిలో దీనికి జవాబు తయారుగా ఉంది. నెమ్మదిగా పక్కకు పిలిచి, ఆటో ఎక్కించి ఇంటికి పంపి, పొద్దున నాలుగు చీవాట్లు పెడతాం. పెద్దమనిషి చేసే పని అది. వాడు నవ్వి, ఆ జవాబు చెప్పినవాళ్లు బోర్డులో అక్కడికక్కడే పోతారన్నాడు. ముందు ఆ మనిషిని జనం ముందునుంచి తప్పించాలి. తుపాకీ, కారు తాళాలు తీసుకోవాలి. పైనున్న లెఫ్టినెంట్‌కు ఫోన్ చేయాలి. యూనియన్ ప్రతినిధిని పిలుచుకునే హక్కు ఆ మనిషికి ఉందని గుర్తుచేయాలి. జరిగిందంతా రాయాలి. ఆ రాసేది స్నేహితుడి కొంప కూల్చవచ్చు. అయినా రాయాలి.

“మరి అతను నీతో మాట్లాడతాడా?” అన్నాను. కార్డు మీద లేని ప్రశ్న అది.

“కొన్నాళ్లు మాట్లాడడు అంకుల్. ఆ రాత్రి తుపాకీతో రైలెక్కితే, మర్నాడు మాట్లాడడానికి ఎవరు ఉంటారో ఎవరు ఉండరో తెలీదు కదా.”

ఏ ఊరి పోలీసుకైనా ఈ ప్రశ్న ఒకటే. రైలు పోలీసుకు ప్రత్యేకమైనవి కట్టలో కిందికి పోయేకొద్దీ వచ్చాయి. ఊరి పోలీసు బీటు కదలదు. సందు మొదట్లో పాన్ డబ్బా, చివర్లో గుడి, మధ్యలో రౌడీ ఇల్లు. సార్జెంట్ కారులో ఒక చుట్టు తిరిగితే తనవాళ్లు ఎక్కడున్నారో కళ్లకు కనపడతారు. రైలు పోలీసు బీటు మనిషిని ఎక్కించుకుని వెళ్లిపోతుంది. పది నిమిషాల కిందట ఈ ప్లాట్‌ఫాం మీద ఉన్నవాడు ఇప్పుడు ఇంకో ఊళ్లో ఉంటాడు. వాడి పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు అరుస్తున్నారో సార్జెంట్‌కు తెలిసేది రేడియోలో వాడు చెబితేనే.

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టూ తిరిగే బార్ట్ రైలునే తీసుకోండి. 1972 సెప్టెంబర్‌లో మొదలైంది. ఇప్పుడు 5 కౌంటీల్లో 50 స్టేషన్లు, 131 మైళ్ల దారి. దానికి సొంత పోలీసు శాఖ. (కాజీపేటవాణ్ని కాబట్టి ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. అమెరికాలో రైలు పట్టాల మధ్య దూరం మామూలుగా 4 అడుగుల 8½ అంగుళాలు. బార్ట్ పట్టాలు మాత్రం 5 అడుగుల 6 అంగుళాలు, సరిగ్గా మన బ్రాడ్‌గేజ్. ఈ దేశంలో ఇంకే ఊరి రైలు ఎక్కినా పరాయిదిగానే ఉంటుంది నాకు.) శాన్ ఫ్రాన్సిస్కోకు, ఓక్లండ్‌కు మధ్య సముద్రపు పాయ అడుగున 3.6 మైళ్ల గొట్టం ఉంది. 1974 నుంచి రైళ్లు అందులోంచి వెళుతున్నాయి. ఇవతల వెస్ట్ ఓక్లండ్, అవతల ఎంబార్కడెరో. రెంటికీ మధ్య ఏడు నిమిషాలు, ఎక్కడా ఆగదు.

కట్టలో ఆ గొట్టం మీద ఒక కార్డు ఉంది. రైలు వెస్ట్ ఓక్లండ్ వదిలింది. నాలుగో పెట్టెలో కత్తి చూపిస్తున్నాడని ప్రయాణికుడి నుంచి కబురు. రైలులో నీ మనిషి ఒక్కడే ఉన్నాడు, మొదటి పెట్టెలో. ఏం చేస్తావు?

రైలును గొట్టంలో ఆపమంటే సహాయం చేరలేదు. ఆపకపోతే ఏడు నిమిషాలపాటు ఆ ఒక్కడూ, ఆ కత్తీ. నాలుగో పెట్టెకు వెళ్లమంటావా, ఎంబార్కడెరో వచ్చేదాకా ఆగమంటావా? ఎంబార్కడెరోలో ఎంతమందిని నిలబెడతావు, తలుపులు తెరవమంటావా, తెరిస్తే పారిపోయేవాళ్లలో కత్తివాడు కలిసిపోడా? అదీకాక ఆ రైలు ఆగితే వెనక వచ్చేవన్నీ ఆగుతాయి, ఎందుకంటే బార్ట్ 5 మార్గాల్లో 4 ఆ గొట్టంలోంచే పోవాలి. సాయంత్రం ఆరుగంటలకైతే ఇంటికి వెళ్లే జనమంతా ఆ సార్జెంట్ నోటిమాట కోసం ఎదురుచూస్తున్నట్టే లెక్క. ఎవరి కోసం చూస్తున్నారో వాళ్లకు తెలియదు, అంతే.

ఈ కార్డుకు ఒకే ఒక్క సరైన జవాబు లేదని వాడన్నాడు. బోర్డు చూసేది నిర్ణయాన్ని కాదట, రేడియోలో మాట్లాడేటప్పుడు గొంతు ఎలా ఉందో చూస్తారట.

మా చిన్న మామయ్య కాజీపేట రైల్వే పోలీసుల్లో హెడ్డు. కాలనీలో ఆయన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లను నేను వినలేదు, అందరికీ ‘హెడ్డుగారే’. మన దగ్గర రైళ్లకు పోలీసులు రెండు రకాలు. ఆర్‌పీఎఫ్ కేంద్రానిది, 1957 చట్టంతో ఏర్పడింది, రైల్వే ఆస్తికీ ప్రయాణికులకూ కాపలా దాని పని. జీఆర్‌పీ రాష్ట్రానిది. దొంగతనం, కొట్లాట, హత్య, పట్టాల మీద శవం, ఇవన్నీ జీఆర్‌పీవి. ఖర్చు రైల్వే సగం, రాష్ట్రం సగం. తిట్లు మాత్రం రెంటికీ నిండుగా అందేవి. మామయ్యది జీఆర్‌పీ.

ఆ రోజుల్లో రాత్రి ప్యాసింజర్ రైళ్లకు కాపలా వెళ్లేవారు. హెడ్డుగారు, కింద ముగ్గురు కానిస్టేబుళ్లు. పాత ప్యాసింజర్లలో ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి దారి ఉండేది కాదు. ఎక్కినవాడు ఎక్కిన పెట్టెలోనే ఉండాలి. కాజీపేటలో మనుషుల్ని తలో పెట్టెలో సర్దేస్తే, మళ్లీ మొహాలు చూసుకునేది రైలు ఆగినప్పుడే. మహబూబాబాద్‌లో ఆగగానే ఆయన దిగి, ప్లాట్‌ఫాం మీద టార్చిలైటు మూడుసార్లు వెలిగించి ఆర్పేవాడు. అటునుంచి మూడు టార్చీలు బదులు వెలగాలి. రెండే వెలిగితే రైలు వెంబడి పరుగెత్తాలి. ఆ మూడోవాడు ఎక్కువసార్లు నిద్రపోతూ దొరికేవాడు గానీ, పరుగెత్తేటప్పుడు ఆ సంగతి తెలియదు కదా అనేవాడు మామయ్య. మోకాళ్లు అరగడానికి కారణమదేనని అత్తయ్య దగ్గర చెప్పుకునేవాడు కూడా. ఆవిడ నమ్మేది కాదు.

ఇంకో తలనొప్పి హద్దులది. ప్రయాణికుడు విజయవాడలో నిద్రలేచి చూసుకుంటే సామాను పెట్టె ఉండదు. ఎక్కడ పోయింది? ఖమ్మం దాటాకా, డోర్నకల్‌లోనా, అసలు వరంగల్‌లోనే దించేశారా? ఏ స్టేషన్‌వాళ్లు కేసు రాసుకోవాలి? ప్రతివాళ్లూ పక్క స్టేషన్ వైపు వేలు చూపేవారు. మామయ్య చేతిలో ఉన్న అధికారం చిన్నదే, కానీ ఆ రాత్రి ఆ ప్రయాణికుడి ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కుతుందా లేదా అన్నది మాత్రం ఆయన చేతిలోనే ఉండేది. ఎస్సైగారు నిద్రలో ఉంటారు, కానిస్టేబుల్ రాయకూడదంటాడు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ రాయాలన్న నియమం ఇప్పుడు నేరుగా చట్టంలోనే ఉంది, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో. అప్పుడు ఆ పని హెడ్డుగారి ఓపిక మీదే నడిచేది. మామయ్య రాసేవాడు. రాసినందుకు స్టేషన్‌లో కేసులు పెరిగాయని తిట్లు తినేవాడు. ఆయనకు ఆ తరవాతి ప్రమోషన్ రాలేదు. అందుకే రాలేదని నేననను, ఆయనా అనలేదు.

ఫ్రీమాంట్ కుర్రవాడికి, మామయ్యకు పోలిక మూడు పట్టీలే అనుకున్నాను మొదట్లో. కట్ట సగం అయ్యేసరికి, ఇద్దరిదీ నిజానికి ఒకే ఉద్యోగమని తేలింది. తను లేనిచోట తనవాళ్లు చేసినదానికి జవాబు చెప్పడం. ఆ పైనున్న అధికారులూ జవాబుదారులే గానీ వాళ్లు అంకెలకు జవాబు చెబుతారు. కిందనున్నవాడు తన రెండు చేతులకు చెబుతాడు. మధ్యలో ఉన్న ఈ మనిషి ఒక్కడే, పేరుతో, మొహంతో ఎరిగిన ఏడెనిమిది మంది చేతులకు జవాబు చెప్పాలి.

చేతులంటే గుర్తొచ్చింది. కొత్త సార్జెంట్లకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి, గొడవలో తను చేయి వేయకపోవడం. నలుగురు ఒక మనిషిని పట్టుకుని పెనుగులాడుతుంటే అయిదోవాడిగా దూకొద్దంటారు. అడుగు వెనక నిలబడాలి. మనిషి ఊపిరి తీస్తున్నాడా, తుపాకీల మీదికి ఎవరి చేయి పోతోంది, వెనకనుంచి ఎవరు వస్తున్నారు, అన్నీ చూడాలి. వినడానికి సులువే. కానీ సార్జెంట్ అయ్యేదెవరు? ఎనిమిదేళ్లో పదేళ్లో అందరికన్నా ముందు దూకి పేరు తెచ్చుకున్నవాడే. ఏ చేతుల వల్ల ప్రమోషన్ వచ్చిందో ఆ చేతుల్ని ఇకమీద జేబులో పెట్టుకోవాలి. కుర్రవాడు తనకు అన్నిటికన్నా భయం ఇదేనన్నాడు. కత్తి కార్డు చదివినప్పుడు కూడా అంత తడుముకోలేదు.

2009 జనవరి 1 తెల్లవారుజామున, రెండు దాటాక, ఓక్లండ్‌లోని ఫ్రూట్‌వేల్ స్టేషన్‌లో బార్ట్ రైలును ఆపారు. శాన్ ఫ్రాన్సిస్కోలో కొత్త సంవత్సరం చూసి తిరిగివస్తున్న జనంతో నిండిన రైలు. లోపల కొట్లాటని కబురు. పోలీసులు కొందరు కుర్రాళ్లను దించి గోడ వెంట కూర్చోబెట్టారు. ఆస్కార్ గ్రాంట్ అనే 22 ఏళ్ల కుర్రవాడు బోర్లా పడి ఉండగా ఒక పోలీసు అతని వీపులోకి కాల్చాడు. ఉదయానికి ఆ కుర్రవాడు చనిపోయాడు. టేజర్ (షాక్ కొట్టే పరికరం) అనుకుని తుపాకీ తీశానని ఆ పోలీసు కోర్టులో చెప్పాడు. 2010 జులైలో జ్యూరీ అతణ్ని హత్యకు కాక, ఉద్దేశం లేని నరహత్యకు దోషిగా తేల్చింది. రెండేళ్ల శిక్ష పడింది. ఓక్లండ్ వీధులు రగిలాయి. రయాన్ కూగ్లర్ మొదటి సినిమా, 2013లో వచ్చిన ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’, ఆ కుర్రవాడి ఆఖరి రోజు గురించే. ఇప్పుడు ఆ స్టేషన్ గోడ మీద అతని బొమ్మ ఉంది, పక్క వీధికి అతని పేరుంది.

ఆ రాత్రి గురించి నేను ఎక్కువగా ఆలోచించేది ఆగి ఉన్న రైలు గురించి. తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల జనం అరుస్తున్నారు, ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. ఊరి వీధిలో అయితే గుంపును చెదరగొట్టవచ్చు. ఆగిన రైలులోని జనాన్ని ఎక్కడికి పొమ్మంటారు? ఆ వీడియోలే తరవాత కోర్టుకు వెళ్లాయి. ప్లాట్‌ఫాం సన్నటి జాగా, ఒకపక్క గోడ, ఒకపక్క మనుషులతో నిండిన పెట్టెలు. అందరి గొంతులూ పైకే పోతుంటే, గొంతు తగ్గించే మనిషి ఒక్కడు కావాలి అక్కడ. అది ఏ ర్యాంకువాడైనా కావచ్చు. సార్జెంట్‌కు ఇచ్చే జీతం మాత్రం సరిగ్గా దానికే.

దాని మీద కూడా కట్టలో కార్డు ఉంది, ఊరూ పేరూ లేకుండా. కుర్రవాడు జవాబు చెప్పే తీరు మారింది ఇక్కడ. “ఒక్కరు మాట్లాడండి, మిగతావాళ్లు రెండడుగులు వెనక్కి. రైలు పంపించేయండి,” అన్నాడు, నా వైపు కాక గోడ వైపు చూస్తూ. రైలును పంపించేయడమన్నది నాకు తట్టని సంగతి. సాక్షులు పోతారు కదా అన్నాను. కెమెరాలున్నాయి, పేర్లు తరవాతి స్టేషన్‌లో తీసుకోవచ్చు, ముందు చప్పుడు తగ్గాలి అన్నాడు. నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాలేదు. సాక్షుల్ని పంపించేసిన పోలీసును జనం నమ్ముతారా? ఆ కార్డు దగ్గర చాలాసేపు వాదించుకున్నాం, బోర్డు సంగతి మరిచిపోయి.

ఆ చావు తరవాత బార్ట్ మీద బయటి కన్ను పెట్టారు. 2010లో రాష్ట్ర చట్టం వచ్చింది. ఫిర్యాదులు విచారించడానికి స్వతంత్ర ఆడిటర్, పౌరుల సమీక్షా బోర్డు ఏర్పడ్డాయి. సార్జెంట్ సంతకం పెట్టిన కాగితం ఇప్పుడు లెఫ్టినెంట్ బల్ల దగ్గరే ఆగిపోకపోవచ్చు, శాఖ జీతం తినని మనుషుల ముందుకూ పోవచ్చు. ఇది మంచికే వచ్చిందని నా అభిప్రాయం. మామయ్య రాసిన ఫిర్యాదుల్ని చదివే బయటివాళ్లు ఒక్కరున్నా, ఆయన కథ ఇంకోలా ఉండేదేమో.

సార్జెంట్‌కు తెలియడం అన్నది ఎంత అడ్డదారుల్లో జరుగుతుందో మినియాపోలిస్ చూపించింది. అది రైలు పోలీసుల సంగతి కాదు గానీ ఈ ఉద్యోగం సంగతే. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద ఒక పోలీసు మోకాలు ఉన్నప్పుడు, వీధి కెమెరా తెర చూస్తున్న డిస్పాచర్‌కు ఏదో తేడా అనిపించింది. చాడీలు చెబుతోందంటారేమోనన్న సంకోచం ఉన్నా, ఆవిడ షిఫ్టు సార్జెంట్‌కు ఫోన్ చేసింది. ఆ సార్జెంట్ మరుసటేడు కోర్టు బోనెక్కి, ఫ్లాయిడ్ ఎదురుతిరగడం మానేసిన క్షణంలోనే ఆ పట్టు ఆపాల్సిందని తన కిందివాడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. ఆ ఫోను, ఆ సాక్ష్యం రెండూ ఈ మెట్టు మీదే కలిశాయి.

రైలు పోలీసులంటే మిగతా పోలీసులకు చిన్నచూపు ఎక్కడైనా ఉంది. బ్రిటన్‌లో మొదటి తరం రైలు పోలీసులు దొంగల్ని పట్టడంతోపాటు పట్టాల పక్కన నిలబడి చేతులతో సిగ్నళ్లు ఇచ్చేవాళ్లు. ఒక రైలు వెళ్లాక ఇంకోదాన్ని ఎంతసేపటికి వదలాలో ఇసుక గడియారం చూసి చెప్పేవాళ్లు. న్యూయార్క్‌లో సబ్‌వే పోలీసుల్ని ఊరి పోలీసులు గుహల పోలీసులని వెక్కిరించేవాళ్లు. 1995 ఏప్రిల్‌లో ఊరి శాఖలో కలిపేసేదాకా వాళ్లది వేరే శాఖ. భూమి కింద రేడియోలు సరిగ్గా పనిచేసేవి కావు. కిందికి దిగిన మనిషి పైకి వచ్చేదాకా ఉన్నట్టో లేనట్టో సార్జెంట్‌కు తెలియని రోజులవి. ఆ శాఖలోనే జాక్ మేపుల్ అనే లెఫ్టినెంట్ గోడ పొడవునా కాగితాలు అంటించి, ప్రతి స్టేషన్‌నూ గీసి, ఎక్కడ ఏ నేరం జరిగిందో రంగు క్రేయాన్లతో గుర్తులు పెట్టాడు. 1994లో న్యూయార్క్ పోలీసు శాఖ మొదలుపెట్టి, ప్రపంచమంతా కాపీ కొట్టిన కాంప్‌స్టాట్ అనే నేరాల లెక్కల పద్ధతికి విత్తనం అదే. గుహల్లోంచి వచ్చిన ఆలోచన ఊరిని ఏలింది. కాకపోతే అప్పట్నుంచి పైవాళ్ల చేతికి అంకెలు వచ్చాయి, ఆ అంకెల ఒత్తిడి కిందికి దిగి సార్జెంట్ నెత్తిన కూర్చుంది. ఈ వారం టికెట్ లేనివాళ్లను ఎంతమందిని పట్టారు అని అడిగేవాడూ వాడే, పట్టినవాడు అదుపు తప్పితే సంజాయిషీ చెప్పేవాడూ వాడే.

ఇప్పటి రైలు సార్జెంట్‌కు ఇంకో సంకటం. రైల్లో కేకలు పెట్టే ప్రతివాడూ నేరస్తుడు కాడు. ఇల్లు లేనివాడు ఉంటాడు, మతి చెదిరినవాడు ఉంటాడు, మత్తుమందు ఎక్కువై సీటు కింద నీలంగా మారుతున్నవాడు ఉంటాడు. బార్ట్ 2020లో తుపాకీ లేని అంబాసిడర్లను రైళ్లలోకి పంపింది, ఆ తరవాత సంక్షోభంలో ఉన్నవాళ్లతో మాట్లాడగల నిపుణులను చేర్చుకుంది. రేడియోలో కబురు రాగానే ఎవరిని పంపాలి? తుపాకీ ఉన్నవాణ్ని పంపితే మాటతో పోయేది చేతలదాకా పోవచ్చు. లేనివాళ్లను పంపితే, ఎదుటివాడి జేబులో కత్తి ఉంటే? రెండు వాక్యాల కబురు విని తేల్చాలి. ఆ రెండు వాక్యాలు చెప్పేవాడు కూడా భయంతో ఉన్న ప్రయాణికుడే.

కుర్రవాడు పాసయ్యాడు. జాబితాలో పేరొచ్చింది, పోస్టు వచ్చింది. కాలిఫోర్నియాలో కొత్త సార్జెంట్లు ఏడాదిలోపు 80 గంటల సూపర్వైజరు శిక్షణ పూర్తిచేయాలి, అదీ చేశాడు. ప్రమోషన్‌తో పాటు ఏమి వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేదట. షిఫ్టులు సీనియారిటీ మీద ఎంచుకుంటారు. ఆఫీసర్లలో పాతకాపు అయి పగటి షిఫ్టు, శని ఆదివారాల సెలవు సంపాదించుకున్నవాడు, సార్జెంట్లలో అందరికన్నా చిన్నవాడై మళ్లీ రాత్రి షిఫ్టుకు పడ్డాడు. సెలవు మంగళ, బుధ. భార్య ఈ గౌరవాన్ని ఎలా స్వీకరించిందో నేను అడగలేదు. ఓవర్‌టైం బాగా చేసే సీనియర్ ఆఫీసరు జీతం కొత్త సార్జెంట్ జీతాన్ని దాటిపోవడం కూడా మామూలేనట. తండ్రికి ఈ లెక్క ఇంకా మింగుడుపడలేదు.

మొదటి నెలలోనే కార్డుల కట్టలోది ఒకటి నిజంగా ఎదురైంది. పాత జోడీదారుడే, ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే కారులో తిరిగినవాళ్లు. రిపోర్టులో ‘ఎదుటివ్యక్తి దాడికి సిద్ధమయ్యే భంగిమలో నిలబడ్డాడు’ అని రాశాడు. బాడీ కెమెరా వీడియోలో ఆ ఎదుటివ్యక్తి సంచి భుజానికి సర్దుకుంటున్నాడు. పెద్ద విషయం కాదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కుర్రవాడు వీడియోను మళ్లీ మళ్లీ చూశాడట, ఇంకోలా కనపడుతుందేమోనని. కనపడలేదు. భంగిమ సంగతి తీసేయమనలేదు. అలా అంటే తనూ అబద్ధంలో చేరినట్టే. నువ్వు చూసింది చూసినట్టు రాయి, సంచి గురించి కూడా రాయి అని వెనక్కి పంపాడు. స్నేహితుడు మారు మాట్లాడకుండా తిరగరాశాడు. భోజనానికి మాత్రం వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు.

మొన్న సంక్రాంతికి మిల్పీటస్‌లో తెలుగువాళ్లం కలిశాం. పదేళ్లుగా ‘ట్రాన్స్‌పోర్టేషన్’తో నెట్టుకొచ్చిన తండ్రి ఈసారి ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఆయనకు చెప్పుకోదగ్గ మాట దొరికింది.

“మావాడు మేనేజరయ్యాడండీ.”

“అలాగా! ఎంతమంది రిపోర్ట్ చేస్తారు?” అన్నాడు ఒకాయన, ఈ ఊళ్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న.

“ఏడుగురు.”

“బానే ఉంది. ఇంతకీ రిమోటా, ఆఫీసుకు వెళ్లాలా?”

రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన కుర్రవాడు అరిసె నోట్లో పెట్టుకుని, ఎర్రబడ్డ కళ్లతో ఆయన వైపు తిరిగాడు.

“నావరకు పూర్తిగా రిమోటేనండీ. మావాళ్లు మాత్రం రోజూ వెళ్లాలి.”